కొంగ మిక్సీ అడుగు రేకు

మా పత్తికొండ బస్టాండు వెనక వరుసలో మూడు అంగళ్ళున్నాయి. మొదటిది నాది, బట్టలు కుట్టే అంగడి. నడిమిది ప్రేమజ్యోతిది, మిక్సీలు బాగుచేసే అంగడి. మూడోది టీ అంగడి, దాని సంగతి ఇక్కడ అక్కర్లేదు. నాకూ ప్రేమజ్యోతికీ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. ఆమె స్క్రూ తిప్పితే నాకు వినబడుతుంది, నేను సూది విరగ్గొట్టుకుని తిట్టుకుంటే ఆమెకు వినబడుతుంది. కాబట్టి ఆమె గురించి చెప్పడానికి నాకంటే తగిన మనిషి లేదు. నా పేరు శివకుమారి.

మొదట్లో మిక్సీ తెచ్చినవాళ్ళు ఈమెను చూసి, "మీ నాయన లేడా పాపా?" అని అడిగేవాళ్ళు. పోయినాడని చెబితే మిక్సీని చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగేవాళ్ళు. నూరేది ఆడవాళ్ళంట, బాగుచేయడానికి మాత్రం మగాడు కావాలంట. అలా పోయినవాళ్ళలో సగం మంది ఆదోని దాకా తిరిగి, ఇంకొంచెం చెడగొట్టించుకుని, మళ్ళీ ఇక్కడికే వచ్చారు. ప్రేమజ్యోతి ఒక్కర్ని కూడా ఎత్తిపొడవలేదు. నేనైతే ఊరుకునేదాన్ని కాదు.

ఆమె తాత చెప్పులు కుట్టేవాడు. నాయన జ్ఞానరాజు కర్నూల్లో మోటార్లు చుట్టడం నేర్చుకుని వచ్చి ఈ అంగడి పెట్టాడు. ప్రేమజ్యోతి ఇంటర్ అయ్యాక ఎనిమిదేళ్ళు ఆయన పక్కన కూర్చుంది. నాలుగేళ్ళ కిందట ఆయన పోతే, మూడో రోజే అంగడి తెరిచింది. అప్పుడు నేను తప్పు పట్టాను. నాయన పోయిన మూడో రోజే అంగడేమిటని అడిగాను. "నాయన ఒప్పుకున్న మిక్సీలు పదకొండు ఉండాయి అక్కా" అంది, అంతే. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆ మాట ఆమె మొహం మీదే చాలాసార్లు అన్నాను, నవ్వి ఊరుకునేది.

ఇక కొంగ మిక్సీ సంగతి. ఇరవై ఏళ్ళ కిందట మా ఊళ్ళో కాపురం పెట్టిన ప్రతి ఇంట్లోనూ అది ఉండేది. డబ్బా మీద కొంగ బొమ్మ కాబట్టి ఆ పేరు. కంపెనీ పెట్టిన అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది, అది ఎవరికీ నోరు తిరగలేదు. చూడ్డానికి అందమేమీ లేదు. ఒంటి చేత్తో లేపలేనంత బరువు. కానీ మోటారు నిండా రాగి తీగ, గంటసేపు తిప్పినా వేడెక్కదు. అందులో చెడిపోయేది ఒక్కటే, కప్లర్. మోటారు నెత్తిన కూర్చునే నల్ల రబ్బరు బిళ్ళ అది. దాని పళ్ళ మధ్య జారు అడుగు పట్టుకుంటే బ్లేడు తిరుగుతుంది. ఏడాదికో ఏడాదిన్నరకో ఆ పళ్ళు తెగేవి. జ్ఞానరాజు దగ్గరికి తీసుకుపోతే, మనం టీ తాగేలోగా కొత్తది వేసి, అడుగు రేకు విప్పి రెండు చుక్కలు నూనె పోసి, మూసి ఇచ్చేవాడు.

కంపెనీ ఆ మిక్సీ తయారుచేయడం ఆపేసింది. ఆపితే ఆపింది, ఉన్నవి తిరుగుతూనే ఉన్నాయి. మూడేళ్ళ తర్వాత కప్లర్ తయారుచేయడం కూడా ఆపేసింది. వేరే కంపెనీలవి దీనికి కూర్చోవు. పళ్ళ లెక్క వేరు, మర చుట్లు వేరు. ప్రేమజ్యోతి కర్నూలు తిరిగింది, కడప తిరిగింది, మూలన పడి ఉన్నవన్నీ ఏరుకొచ్చింది. అందులో ఆఖరిది భీమక్క మిక్సీకి వేసింది.

భీమక్కది టమాటా మార్కెట్ గేటు పక్కన రొట్టెల బండి. జొన్నరొట్టెలు, ఊరుబిండి. ఊరుబిండి అంటే శనక్కాయలు వేయించి నూరే పచ్చడి. హమాలీలు, టమాటా తెచ్చిన రైతులు పొద్దున్నే అక్కడే తింటారు. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఆ బండే ఆమె బతుకు. కుడి భుజం పట్టేసి రోట్లో నూరలేదు. పచ్చడి లేకపోతే ఉత్త రొట్టె ఎవరు తింటారు? కొత్త మిక్సీ కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కొన్నది, రెండుసార్లు కొన్నది. రెండూ నెల తిరక్కుండా కాలిపోయాయి. గ్యారంటీ కార్డు తీసుకుపోతే, ఇది ఇంటి వాడకానికే, బండి వాడకానికి కాదు పొమ్మన్నారు.

ఆఖరి కప్లర్ కూడా తెగిన రోజు భీమక్క మిక్సీని నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"బండి మూసేయాల్సిందేనా పాపా?" అని అడిగింది.

"ఏంటికి మూస్తావు?" అంది ప్రేమజ్యోతి. "నాకు కొన్ని దినాలు టైమియ్యి. నీ మిక్సీ తిరుగుతాది. నేను చెప్తాండా గదా."

అప్పటికి ఆమె చేతిలో ఏమీ లేదు. గోడ ఇవతల నేను తల పట్టుకున్నాను.

ఆ వారమే రామకోటయ్య శెట్టి అంగడి ముందు ఎక్స్చేంజి మేళా అని షామియానా వేశారు. ఊళ్ళో మిక్సీలు, కుక్కర్లు, ఫ్యాన్లు అమ్మేది ఆయనే. పాత మిక్సీ తెచ్చిస్తే కొత్తదాని మీద ఎనిమిది వందలు తగ్గింపట. కర్నూలు నుంచి అదే కొంగ కంపెనీ ఆఫీసరు వచ్చాడు, రాఘవేంద్రప్రసాద్ అని, మంచి ఇస్త్రీ చొక్కా. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు. ఆడవాళ్ళందరం వరుస కట్టాం. అందరం అన్నాను కదా, అందులో నేనూ ఉన్నాను. మా అమ్మ నాకిచ్చిన కొంగ మిక్సీ ఇచ్చేసి, ఎర్రగా మెరిసే కొత్తది తెచ్చుకున్నాను. సిగ్గుపడాల్సిన సంగతే, అయినా దాచను.

అంగడి వెనక ఇద్దరు మనుషులు పాత మిక్సీలను సమ్మెటతో పగలగొడుతున్నారు. ప్రేమజ్యోతి అది చూసి నేరుగా ఆఫీసరు దగ్గరికి పోయింది.

"సార్, పగలగొట్టేముందు కప్లర్లు ఇప్పుకుంటా. ఒక్క పదన్నా ఈండి."

"కుదరదమ్మా. పగలగొట్టినట్టు ఫొటోలు పంపాలి. పై నుంచి ఆర్డరు."

"బాగా తిరిగేవాటిని ఏంటికి సార్ పగలగొట్టేది?"

ఆయన చెడ్డవాడేమీ కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "నిజం చెప్పనా? ఈ మండలంలో ఈ మిక్సీ కొనాల్సిన ఇల్లు ప్రతిదీ కొనేసింది. ఎవరిదీ పాడవదు. ఇంకెవరికి అమ్మాలి? రాగి ధర పెరిగింది. ఇంత బరువు పెట్టి చేస్తే ఇంత ధర చెప్పాలి. ధర చెబితే మీరే పక్క కంపెనీ చవక మిక్సీ వైపు చూస్తారు. ఇదిగో, ఇంత మంది వరుసలో ఉన్నారు. ఎవరైనా లోపల ఏం తీగ ఉందని అడిగారా? రంగు అడిగారు."

వరుసలో ఉన్న నేను తల తిప్పుకున్నాను. నేను రంగే అడిగాను.

"సరే సార్, మిక్సీ చేయొద్దు. కప్లరన్నా చేయొచ్చు గదా. అదెంత పని?"

"కప్లర్ దొరికితే ఇక్కడికి ఎవరొస్తారమ్మా?" అన్నాడు ఆయన, మెల్లగా.

ప్రేమజ్యోతి లేచింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. "మంచిది సార్, ఇప్పుడు అర్థమాయె" అని వచ్చేసింది. నాకైతే ఆయన మాటలకు ఒళ్ళు మండింది, ఎందుకంటే అందులో సగం నా గురించే.

మర్నాడే బసవరాజు లేత్ మిషను దగ్గరికి పోయి, ఇనుముతో కప్లర్ కొట్టించింది. నున్నగా, బరువుగా, చూస్తే ముచ్చటేసింది. "ఇంక ఇది తెగేది లేదక్కా. భీమక్క పోయినా ఇది ఉంటాది" అంది. అంత గర్వంగా ఆమె మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. భీమక్క మిక్సీ మళ్ళీ మొదలైంది. సరిగ్గా ఇరవై రెండు రోజులు.

ఇరవై మూడో రోజు ఎండుకొబ్బరి చిప్ప ముక్క ఒకటి బ్లేడు కింద ఇరుక్కుంది. పాత రబ్బరు బిళ్ళ అయితే పళ్ళు తెగి ఊరుకునేది, మోటారు ఊరికే తిరిగేది. ఇనుప బిళ్ళ తెగలేదు. బ్లేడు కదలదు, ఇనుము వదలదు, మోటారు గింజుకుని గింజుకుని పొగ లేపింది. ఇరవై ఏళ్ళలో కాలని మోటారు ప్రేమజ్యోతి చేతి పనితో కాలింది.

భీమక్క తిట్టలేదు. మిక్సీ బల్ల మీద పెట్టి, "నువ్వేం చేస్తావులే పాపా, నా రాత" అని పోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ప్రేమజ్యోతి ఆ పూటంతా ఏ పనీ ముట్టుకోలేదు. గోడ అవతల ఏ చప్పుడూ లేకపోతే నాకు భయమేసి పోయి చూశాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తెగాల్సిందే తెగకుండా చేసినా అక్కా. అది తెగేది మోటారును కాపాడేదానికి. ఎనిమిదేండ్లు చూసి కూడా నాకు అది తెలీలేదు."

"తెలిసింది కదా ఇప్పుడు. లేచి టీ తాగు" అన్నాను. అంతకంటే నాకు చేతకాలేదు.

మోటారు మళ్ళీ చుట్టడానికి అడుగు రేకు విప్పింది. కొంగ మిక్సీ మోటారు కాలడం అదే మొదలు కాబట్టి, ఆ రేకు విప్పే పని ఆమెకు అంతవరకు పడలేదు. రేకు విప్పి నూనె పోయడం నాయన ఎవరినీ ముట్టనివ్వని పని, ఆయన పోయాక ఎవరూ పోయలేదు. రేకు వెనక్కి తిప్పి చూసి నన్ను కేకేసింది.

రేకు లోపలి వైపు సన్న అక్షరాలు. మన వైపు స్టీలు గిన్నెల మీద పేరు, తేదీ కొట్టిస్తాం కదా, అలా ఆ మరతోనే జ్ఞానరాజు రాసుకున్నాడు. పైన 'భీమక్క' అని పేరు, కింద కప్లర్ మార్చినప్పుడల్లా నెల, ఏడాది. బయట రాస్తే తుడిచి తుడిచి అక్షరం అరుగుతుందని లోపలి వైపు రాశాడేమో. ప్రేమజ్యోతి వేలు పెట్టి చదువుతూ పోయింది. మొదటి బిళ్ళ పదహారు నెలలు. తర్వాతది పదిహేను. మళ్ళీ పదహారు. అలా చాలా ఏళ్ళు. తర్వాత పదకొండు. తర్వాత ఎనిమిది. ఆయన రాసిన ఆఖరి రెండూ ఆరేసి నెలలు.

"భీమక్క రొట్టెలు ఎక్కువ చేసిందేమో" అన్నాను.

"తగ్గినాయి అక్కా. మార్కెట్లో అప్పటి జనం యాడుండారు? మిక్సీ అదే, మనిషి అదే. బిళ్ళే మారింది." పెట్టెలోంచి తెగిన బిళ్ళలు తీసి పక్కపక్కన పెట్టింది. పాతవి మందం, కొత్తవి పల్చన. కంపెనీ ఆపింది మొన్న కాదు. ఐదారేళ్ళ నుంచి కొంచెం కొంచెంగా ఆపుతూ వచ్చింది. జ్ఞానరాజుకు అది తెలుసు. ఎవరికీ చెప్పకుండా రాసి పెట్టాడు. ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ అక్షరాలు చూసి ప్రేమజ్యోతి ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

నాలుగు రోజులు కూర్చుని రాగి తీగతో మోటారు చుట్టింది. ఇక కావాల్సింది రబ్బరు. గట్టిగా ఉండాలి, కానీ సమయానికి తెగాలి. లారీ టైరు కోసి చూసింది, లోపలి తీగలు జారును గీరేశాయి. సైకిల్ టైరు రెండు రోజులకే పిండి పిండి అయింది. భీమక్క ఆ రోజుల్లో పక్కింటి వాళ్ళ చిన్న మిక్సీలో కొంచెం కొంచెం నూరుకుని సగం రొట్టెలే అమ్మింది. మధ్యాహ్నం వచ్చి మా అంగళ్ళ ముందు ఊరికే కూర్చుని పోయేది. అడిగేది కాదు, అదే కష్టం.

ఇంతలో ప్రేమజ్యోతి వాళ్ళ చర్చిలో పెళ్ళి, నేనూ పోయాను. ప్రార్థన అయ్యాక జనమంతా బిర్యానీ దిక్కు పోతుంటే ప్రేమజ్యోతి గుమ్మం బయట చెప్పుల కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఒక చెప్పు తిప్పి దాని అడుగు అట్ట చూస్తోంది. పట్టుచీర కట్టుకుని చెప్పులు ఏరుతున్న మనిషిని చూసి పెళ్ళివారు ఏమనుకున్నారో దేవుడికి తెలియాలి. ఆ చెప్పులు ప్రేమజ్యోతి అన్న శామ్‌వి. అతను మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేస్తాడు, చెప్పుల కోసం అప్పుడే అక్కడికి వచ్చాడు.

"అన్నా, ఈ అట్ట యాడిది?"

"రాళ్ళు మోసే బెల్టుది. అరిగిపోయినాక తుక్కులో ఏస్తారు. మా తావ అందరం దాంతోనే చెప్పులు కుట్టించుకుంటాం. మూడేండ్లాయె, చూడు, ఏమీ కాలే."

ప్రేమజ్యోతి ఆ అట్టను గోటితో గీకింది. రబ్బరు, గుడ్డ, రబ్బరు, గుడ్డ, పొరలు పొరలుగా ఉంది. "నాకు రెండడుగులు కావాల" అంది. బిర్యానీ తినకుండానే ఇంటికి పోదామంది, నేను ఒప్పుకోలేదు.

శామ్ సూపర్‌వైజరును అడిగి తుక్కులోంచి ఒక ముక్క బస్సులో పంపాడు. ఇంట్లో అటక మీద తాత తోలు కోసే రంపె ఉంది, దాన్ని దించి సాన పట్టించింది. పాత బిళ్ళల నడుమ ఉండే ఇత్తడి మరను తీసి, చుట్టూ ఈ రబ్బరు కోసి బిగించడం, అదీ పని. చెప్పడానికి ఒక్క మాట. మొదటిది అడ్డంగా కోసింది, పొరలు విడిపోయాయి. రెండోది జారును గడగడలాడించింది. మూడు, నాలుగు, ఐదు... చేతికి రెండు చోట్ల కట్టు కట్టుకుంది. ఆరోది నాలుగు రోజులు నడిచి ఆగింది. "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది నీ పని, వదిలేయ్" అని నేనే అన్నాను. "నాలుగు దినాలు తిరిగింది గదక్కా, నాయన నేర్పిన పని కాదు ఇది, నేను ఇప్పుడే నేర్చుకుంటాండా" అని మళ్ళీ కోసింది.

ఏడోది మూడు పొరలతో కోసింది. ఈసారి భీమక్కను పిలిచి, ఆమె ముందే శనక్కాయలు పోసి తిప్పింది. పచ్చడి అయింది. తర్వాత ఒక పని చేసింది, నేను వద్దు వద్దంటున్నా వినలేదు. ఎండుకొబ్బరి చిప్ప ముక్క ఒకటి కావాలనే బ్లేడు కింద పెట్టి స్విచ్ వేసింది. టక్కుమని బిళ్ళ పళ్ళు తెగాయి. మోటారు చల్లగా తిరుగుతోంది. భీమక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. ప్రేమజ్యోతి మాత్రం అలాంటిదే ఇంకో బిళ్ళ తీసి బిగించి, అడుగు రేకు లోపల నాయన అక్షరాల కింద ఆ రోజు తేదీ చెక్కింది.

"ఇది ఎన్నాళ్ళుంటాది పాపా?" అంది భీమక్క.

"తెలీదక్కా. తెగినప్పుడు రా, ఇంకోటేస్తా. నేనుండా గదా."

ఆ వార్త ఊరంతా పాకింది. మేళాలో ఇవ్వకుండా దాచుకున్నవాళ్ళందరూ మిక్సీలు దించారు. ఆలూరు, డోన్, ఆత్మకూరు నుంచి కూడా వచ్చారు. ఇవ్వడానికి మిక్సీ లేనివాళ్ళలో నేనొకదాన్ని. నా ఎర్ర మిక్సీ అప్పటికే మూలుగుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

ఒకరోజు రామకోటయ్య శెట్టే స్వయంగా వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను మిషను తొక్కడం ఆపాను.

"అమ్మా జ్యోతీ, నీ బిళ్ళల కోసం జనం నా అంగడికొచ్చి అడుగుతాండారు. నెలకు నూరు బిళ్ళలు నాకియ్యి, నేను అమ్ముతా. కానీ ఒక్క మాట. మూడు పొరలు ఏంటికమ్మా? రెండు చాలు."

"రెండైతే ఆర్నెల్లకే తెగుతాది శెట్టీ."

"తెగనీ. తెగితేనే గదా మల్లా వస్తారు. ఊళ్ళో ఉండేవన్నీ ఒక్కసారి బాగుచేసి ఇచ్చేస్తే, ఆపైన నువ్వేం తింటావు? నీ మంచికే చెప్తాండా."

ఆ మాట కొట్టిపారేయడానికి లేదు. అంగడి బాడుగ ఉంది, ఇంట్లో తల్లి ఉంది. ఆఫీసరు చెప్పిందీ ఇదే కదా, అప్పుడు తప్పనిపించింది, ఇప్పుడు న్యాయంగా వినబడుతోంది. ఒప్పుకుంటుందేమోనని నాకు భయమేసింది. ఒప్పుకున్నా నేను తప్పుపట్టేదాన్ని కాదు, అది ఇంకో భయం.

అప్పుడు బల్ల మీద బరువైనదేదో జరిపిన చప్పుడైంది. ఆగలేక లేచిపోయి చూశాను. ప్రేమజ్యోతి ఒక కొంగ మిక్సీని బోర్లా పెట్టి అడుగు రేకు విప్పుతోంది. రేకు తీసి శెట్టి చేతికిచ్చింది. పైన 'సుందరలక్ష్మి' అని ఉంది, జ్ఞానరాజు అక్షరాలు. సుందరలక్ష్మి శెట్టి భార్య.

"ఇది..." అన్నాడు శెట్టి.

"మీ ఇంటిదే. మేళాలో ఇయ్యకుండా అటక మీద దాచినాదంట. పొద్దున పంపింది." ప్రేమజ్యోతి ఒక చేతిలో రెండు పొరల బిళ్ళ, ఇంకో చేతిలో మూడు పొరల బిళ్ళ పెట్టి చెయ్యి చాపింది. "దీనికి ఏది ఏయాల శెట్టీ? నువ్వే చెప్పు. ఏది ఏస్తే దాని తేదీ దాంట్లోనే రాస్తా. మా నాయన కంపెనీది రాసినాడు, నేను నాది రాస్తా. అబద్ధం చేస్తే నా అబద్ధం నేనే చెక్కి మీ ఇంటికి పంపినట్టు."

శెట్టి రేకు వైపు చూశాడు. నెలలు లెక్కపెట్టినట్టున్నాడు, పెదవులు కదిలాయి. వ్యాపారస్తుడు, అంకెలు చదవడం ఒకరు నేర్పాలా. రేకు బల్ల మీద పెట్టాడు.

"మూడుదే వేయి" అన్నాడు. లేచి గుమ్మం దాకా పోయి ఆగి, "నాకిచ్చేవి కూడా అవే ఇయ్యి" అని పోయాడు.

మొన్న పొద్దున భీమక్క వచ్చింది. చేతిలో మిక్సీ, కొంగున ముడి వేసిన తెగిన బిళ్ళ. "తెగింది పాపా" అంది, తప్పు తనదే అన్నట్టు. ప్రేమజ్యోతి రేకు విప్పి, తాను రాసిన తేదీ మీద వేలు పెట్టి నెలలు లెక్కపెట్టింది. పదిహేడు. నాయన రాసిన వాటిలో అన్నిటికంటే పెద్దది పదహారు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. మళ్ళీ పదిహేడే వచ్చింది.

"అక్కా, పదిహేడు" అని గోడ అవతల నుంచి నన్ను పిలిచింది.

మిక్సీ చెడిపోతే ఇంత సంబరమేమిటో భీమక్కకు అర్థం కాలేదు. "తొందరగా ఏయమ్మా, మార్కెట్టుకు లారీలొచ్చినాయి" అంది. ప్రేమజ్యోతి కొత్త బిళ్ళ బిగించి, రేకు లోపల తేదీ చెక్కి, రెండు చుక్కలు నూనె పోసి మూసింది.